గృహ శీతలయంత్రములు, మైక్రోవేవ్ ఓవెన్లు: వాని విడిభాగములు

ఆహారమును చల్లబరచి నిలువచేయు ఫ్రిజ్జును, దానినే నిమిషములలో వేడిచేయు మైక్రోవేవ్ ఓవెనును ఒకే వంటింట పక్కపక్కన నుండు సాధనములే యైనను, వాని యంతర్నిర్మాణములు ఒండొంటికి మిక్కిలి భిన్నములు. మొదటిది, ద్రవముగను వాయువుగను మారుచు తిరుగు ఒక పదార్థమును లోహనాళములలో బంధించి, పగలనక రేయనక సంవత్సరముల తరబడి నడచు యంత్రము. రెండవది, దినమున కొలది నిమిషములు మాత్రమే పనిచేయుచు, ఆ కొలది నిమిషములలోనే నాలుగువేల వోల్టుల విద్యుత్పీడనమును తనలో పుట్టించుకొను సాధనము. కావున వీనిలో చెడిపోవు భాగములును, అవి చెడిపోవు విధములును, మార్చునపుడు పాటింపవలసిన జాగ్రత్తలును వేరువేరు. అయినను రెండింటికిని వర్తించు సూత్ర మొకటి గలదు: విడిభాగముయొక్క యోగ్యత అది పాతదాని స్థానమున ఇముడుటలో లేదు; అది యే వోల్టేజికి, ఏ వాయువునకు, ఏ ఉష్ణోగ్రతకు ఉద్దేశింపబడినదో అందు గలదు. మరమ్మతు పనిలో జరుగు పొరపాట్లలో పెక్కు, ఇమిడినది గనుక సరిపోయినదని తలచుటవలన కలుగునవియే.

చారిత్రక పూర్వరంగము

తొలినాళ్ల గృహ శీతలయంత్రములలో మోటారు వేరుగను కంప్రెసరు వేరుగను ఉండి, రెంటిని బెల్టు కలుపుచుండెను. కంప్రెసరు ఇరుసు బయటికి వచ్చు చోట సీలు అరిగి వాయువు కారిపోవుట నాటి నిత్యసమస్య; అప్పుడు వాడుకలో నుండిన సల్ఫర్ డయాక్సైడు ఘాటైన విషవాయువగుటచే, అది నష్టమే గాక ప్రమాదము కూడ. అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ 1927లో వెలువరించిన ‘మానిటర్ టాప్’ ఫ్రిజ్జులో క్రిస్టియన్ స్టీన్‌స్ట్రప్ మోటారును కంప్రెసరును ఒకే ఉక్కు కవచమునందుంచి మూసివేసిన పిమ్మట, సీలు సమస్య తీరినది గాని, లోపలి భాగములు మెకానిక్కు చేతికి అందకుండ పోయినవి. అంతకుముందు పిస్టనో వాల్వో చెడినచో దానినే మార్చెడివారు. నాటినుండి కంప్రెసరు మొత్తము ఒక విడిభాగమైనది. మన దేశమున మాత్రము, ఆ కవచమును కోసి, చుట్టలను తిరిగి చుట్టి, మరల వెల్డింగు చేసి మూయు చిన్న కర్మాగారములు చాలకాలముగా నడచుచున్నవి. అట్లు చుట్టిన కంప్రెసరు కొంతకాలము చక్కగనే పనిచేయవచ్చును. కాని లోపల తేమయు ధూళియు చేరకుండ చూచుట అట్టి చోట్ల కష్టసాధ్యము.

1930 ప్రాంతమున థామస్ మిడ్జ్‌లీ బృందము ఆర్-12 అను ఫ్లోరిన్, క్లోరిన్ సమ్మేళనమును శీతలీకరణమునకు ప్రవేశపెట్టగా, విషభయము తొలగి ఫ్రిజ్జు ఇంటింటికి చేరినది. అదే వాయువు వాతావరణమందలి ఓజోను పొరను హరించుచున్నదని తేలిన మీదట, 1987 నాటి మాంట్రియల్ ఒడంబడిక దానికి స్వస్తి పలికినది. తరువాత ఆర్-134ఎ, దాని వెంట ఆర్-600ఎ అనబడు ఐసోబ్యూటేను వచ్చినవి. భారతదేశమున గోద్రెజ్ సంస్థ 1958లో ఫ్రిజ్జుల తయారీకి పూనుకొనినది. 1942లో నెలకొనిన హైదరాబాదు ఆల్విన్ సంస్థ సనత్‌నగరము కర్మాగారమునుండి వెలువరించిన ఫ్రిజ్జులు తెలుగునాట ఒక తరమువారి యిండ్లలో నిలిచినవి. వీనిలో కొన్ని నేటికిని నడచుచునే యున్నవి. కనుక నేటి మెకానిక్కు మూడు తరముల వాయువులకును, వానికి తగిన మూడు రకముల భాగములకును సిద్ధపడి యుండవలయును.

కంప్రెసరు, దాని విద్యుద్భాగములు

ఫ్రిజ్జు చల్లబడుట మానినదని పిలుపు వచ్చినపుడు ఇంటివారికి మొదట తోచునది ‘కంప్రెసరు పోయినది’ అని. అది యంత్రమున కెల్ల ఖరీదైన భాగము గాన ఆ భయము సహజమే. కాని కంప్రెసరు పక్కన బిగించిన రెండు చిన్న భాగములు, రిలేయు, ‘ఓ.ఎల్.పి.’ అని మెకానిక్కులు పిలుచు ఓవర్‌లోడ్ ప్రొటెక్టరును, దానికంటె మిక్కిలి తరచుగా చెడును. వాని వెల కంప్రెసరు వెలలో స్వల్పభాగము మాత్రమే.

కంప్రెసరు మోటారులో రెండు చుట్టలుండును. ఎల్లప్పుడు విద్యుత్తు ప్రవహించు ‘రన్నింగ్’ చుట్ట ఒకటి. మోటారు కదలుటకు మాత్రమే క్షణకాలము తోడ్పడి తప్పుకొనవలసిన ‘స్టార్టింగ్’ చుట్ట మరియొకటి. ఈ రెండవ దానిని సరియైన వేళకు కలిపి, సరియైన వేళకు విడదీయుటయే రిలే పని. పాతకాలపు రిలేలో తీగచుట్టయు దాని నడుమ పైకి లేచెడి ఇనుపముక్కయు ఉండును: మోటారు కదలునపుడు హెచ్చుగా ప్రవహించు విద్యుత్తు ఆ ముక్కను పైకి లాగి కాంటాక్టును కలుపును, మోటారు వేగమందుకొని విద్యుత్తు తగ్గగనే ముక్క తన బరువుచేత క్రిందికి జారి కాంటాక్టు విడిపోవును. బరువుచేత జారుట అను నీ చిన్న విషయమునందే పెద్ద ప్రమాదము దాగియున్నది. ఈ రిలేను తలక్రిందుగా బిగించినచో ముక్క జారదు. స్టార్టింగు చుట్ట విడిపోదు. కొన్ని నిమిషములలో అది కాలిపోవును. కొత్త రిలే వేసిన నాడే కంప్రెసరు కాలినదని వచ్చు ఫిర్యాదులకు ఇది యొక కారణము.

నేటి రిలేలలో కదలు భాగమే లేదు. బేరియం టైటనేటు కలిసిన పింగాణీ బిళ్ల యొకటి అందుండును. చల్లగా నున్నపుడు అది విద్యుత్తును సులభముగా పోనిచ్చును, వేడియెక్కగనే దాని నిరోధము వేలరెట్లు పెరిగి, స్టార్టింగు చుట్టకు ప్రవాహము దాదాపుగా ఆగిపోవును. దీనిని పి.టి.సి. రిలే యందురు. ఈ బిళ్ల చల్లారుటకు కొన్ని నిమిషములు పట్టును. అందుచేత కరెంటు పోయి వెంటనే వచ్చినపుడు బిళ్ల ఇంకను వేడిగా నుండుటచే మోటారు కదలలేక ‘గుయ్యి’మని మూలిగి, ఓ.ఎల్.పి. ట్రిప్పు అయి, కొంత సేపటికి మరల ప్రయత్నించును. స్టెబిలైజర్లలో మూడు నాలుగు నిమిషముల ఆలస్యమును కల్పించుట ఇందులకే. కరెంటు తరచుగా పోవు ఊళ్లలో ఆ ఆలస్యము లేని స్టెబిలైజరు వోల్టేజిని సరిదిద్దినను రిలేను కాపాడలేదు.

మెకానిక్కులు రిలేను చెవి దగ్గర పెట్టి ఊపి చూచుట పరిపాటి. పి.టి.సి. రిలేలో గలగలమను చప్పుడు వినబడినచో బిళ్ల పగిలి ముక్కలైనదని నిస్సందేహముగా చెప్పవచ్చును. పాత రకపు రిలేలో మాత్రము ఆ చప్పుడు లోపలి ఇనుపముక్క స్వేచ్ఛగా కదలుచున్నదనుటకు గుర్తు; అది ఆరోగ్యలక్షణము. ఒకే పరీక్ష రెండు రకములలో విరుద్ధార్థము లిచ్చుటచేత, చేతిలోనిది యే రకమో యెరుగనివాడు మంచిదానిని పారవైచి పాడైనదానిని తగిలించును.

కంప్రెసరు నిజముగా చెడినదా లేదా తేల్చుకొనుటకు మల్టీమీటరు చాలును. కంప్రెసరుకు మూడు పిన్నులుండును: కామన్, రన్నింగ్, స్టార్టింగ్. ఏ రెండింటి నడుమ నిరోధము అన్నిటికంటె ఎక్కువయో, ఆ రెండును రన్నింగ్, స్టార్టింగ్, మిగిలినది కామన్. ఉదాహరణకు కామన్ నుండి రన్నింగునకు 12 ఓములు, స్టార్టింగునకు 18 ఓములు వచ్చినచో, రన్నింగ్ స్టార్టింగుల నడుమ 30 ఓములు రావలయును. ఈ కూడిక కుదరనపుడును, ఏదైన పిన్నుకు కంప్రెసరు బాడీకి నడుమ మీటరు కదలినపుడును కంప్రెసరును వదలుకొనవలసినదే. ఇన్వర్టర్ కంప్రెసర్లలో ఈ లెక్క చెల్లదు. వానిలో మూడు జతల నడుమను ఒకే విలువ వచ్చును, రిలేయు ఓ.ఎల్.పి.యు ఉండవు, మోటారును నడుపు పని యంతయు ఒక ఎలక్ట్రానిక్ పలక నిర్వహించును. ఆ పలక వెల కొన్ని సందర్భములలో పాతకాలపు కంప్రెసరు వెలకు సమీపించును.

థర్మోస్టాట్, డోర్ రబ్బరు

ఫ్రిజ్జులో 1 నుండి 7 వరకు అంకెలున్న గుండ్రని మీట థర్మోస్టాటుకు తల మాత్రమే. దానినుండి బయలుదేరు సన్నని తోక వంటి నాళము ఫ్రీజరు డబ్బాను ఆనుకొనియుండి, అందలి వాయువు చలికి ముడుచుకొనుచు వేడికి వ్యాకోచించుచు కంప్రెసరు స్విచ్చిని నడుపును. తోక నలిగినను, తెగినను, లేదా తానుండవలసిన చోటునుండి జారినను, ఫ్రిజ్జు ఆగక నడచుటయో అసలు నడువకుండుటయో జరుగును. కొత్త థర్మోస్టాటు కొను ముందు, పాతదాని తోక క్లిప్పులోనే యున్నదా యని చూచుట వృథాఖర్చును నివారించును. మంచు కట్టు సాధారణ ఫ్రిజ్జు థర్మోస్టాటు, నడుమ మంచుగడ్డను కరిగించుటకై నొక్కెడి బొత్తాము గలది, ఫ్రాస్ట్‌ఫ్రీ ఫ్రిజ్జునకు పనికిరాదు. వానిని తెరచు మూయు ఉష్ణోగ్రతలు వేరు. రూపమున మాత్రము కవలపిల్లలు.

తలుపు చుట్టును ఉండు గ్యాస్కెట్టు, జనవ్యవహారమున డోర్ రబ్బరు, నిజమునకు రబ్బరు కాదు. మెత్తని ప్లాస్టిక్కు గొట్టమున ఫెర్రైటు అయస్కాంతపు పట్టీని దూర్చి చేసినది. పూర్వము ఫ్రిజ్జు తలుపులకు కారు తలుపులవలె గొళ్లెములుండి, లోపలినుండి తెరచుటకు వీలుండెడిది కాదు. పారవేసిన ఫ్రిజ్జులలో దాగుకొనిన పిల్లలు ఊపిరాడక మరణించిన దుర్ఘటనలు అమెరికాలో పెక్కు జరిగిన మీదట, 1956లో ఆ దేశము చేసిన చట్టము తలుపు లోపలినుండి తెరచుకొనవలెనని శాసించినది. అయస్కాంతపు పట్టీ సర్వత్ర వ్యాపించుటకు ఆ శాసనము దోహదమైనది.

గ్యాస్కెట్టు బిగువును పరీక్షించుటకు నోటు కాగితము నొకదానిని తలుపు సందున ఉంచి మూసి లాగి చూడవలయును; తలుపు పొడవునా ఏ చోటనైనను కాగితము సులువుగా జారివచ్చినచో అచ్చట గాలి దూరుచున్నదని గ్రహింపవలయును. తేమతో కూడిన గాలి లోనికి పోవుటచేత మంచు అతిగా కట్టుట, కంప్రెసరు ఆగక నడచుట, కరెంటు బిల్లు పెరుగుట సంభవించును. మార్కెట్టున గ్యాస్కెట్లు చుట్టగానో మడచియో వచ్చును గనుక, బిగించుటకు ముందు వేడినీటిలో కొంతసేపు ఉంచినచో మడతలు సాగి తలుపునకు చక్కగా అతుకును. కొన్ని గాడిలో నొక్కి తొడుగునవి, కొన్ని తలుపు లోపలి ప్లాస్టిక్కు పలక వెనుక స్క్రూలతో బిగించునవి. కొలత ఒకటే యైనను ఒకదాని బదులు మరియొకటి పట్టదు. కొనునపుడు పాతదానిని వెంట తీసికొనిపోవుటయే అన్నిటికంటె సులభోపాయము.

వాయుమార్గము

‘గ్యాస్ పోయినది’ అను మాట ఈ వృత్తిలో అత్యంత సులభముగా పలుకబడునది. అత్యంత సులభముగా దుర్వినియోగము పొందునదియు అదియే. ఫ్రిజ్జులోని వాయువు ఖర్చయ్యెడి వస్తువు కాదు. ఎచ్చటనో రంధ్రము పడినగాని అది తగ్గదు. ఆ రంధ్రమును కనుగొని పూడ్చక తిరిగి నింపినచో, నింపినది కూడ పోవును. మన యిండ్లలో ఆ రంధ్రమునకు తరచుగా కారణమగునది, ఫ్రీజరులో గడ్డకట్టిన మంచును కత్తితో పొడుచుట. సన్నని అల్యూమినియము రేకులు రెండింటిని అతికి, నడుమ మార్గములు పొంగించి చేసిన ఆ ఫ్రీజరు డబ్బాకు కత్తిమొన ఒక్కసారి తగిలినను చాలును.

వాయుమార్గమును ఒకసారి తెరచినపుడు తప్పక మార్చవలసిన భాగము డ్రయ్యరు. వాయువు ద్రవముగా మారు కండెన్సరు చివర, క్యాపిలరీ అను సన్నని నాళమునకు ముందు ఉండు ఈ చిన్న రాగి గొట్టములో తేమను పీల్చు పూసలుండును. క్యాపిలరీ లోపలి వ్యాసము మిల్లీమీటరుకంటె తక్కువ. అందు ఒక నీటిచుక్క గడ్డకట్టినను, లేదా ఒక మురికిరేణువు చేరినను, మార్గము మూసికొనిపోవును. మెకానిక్కులు దీనిని ‘చోక్’ అందురు. పాత డ్రయ్యరును అట్లే యుంచి వాయువును నింపుట, బయటి గాలిలోని తేమను లోపల బంధించి సీలు వేయుటయే యగును. డ్రయ్యరులోనికి వాడు పూసలును వాయువునుబట్టి మారును: ఆర్-12 నాటి ఎక్స్‌హెచ్-5 పూసలు ఆర్-134ఎ కు సరిపడవు, దానికి ఎక్స్‌హెచ్-7, లేదా ఎక్స్‌హెచ్-9 కావలయును. డ్రయ్యరును బిగించునపుడు క్యాపిలరీ వైపు కొన క్రిందికి వంగియుండవలెను. అప్పుడే ద్రవము క్యాపిలరీలోనికి చేరును.

కంప్రెసరు నూనెయు ఇట్టిదే. ఆర్-12 కంప్రెసర్లలో ఖనిజతైలము పోయుదురు. ఆర్-134ఎ ఆ తైలముతో కలియదు గనుక దానికి పాలీయోల్ ఎస్టరు తైలము వలయును. ఆర్-600ఎ మరల ఖనిజతైలముతోనే సుఖముగా నడచును. ఆర్-12 ఫ్రిజ్జులో కేవలము వాయువును మార్చి 134ఎ ను నింపి పంపిన సందర్భములలో, నూనె క్యాపిలరీ కావల చిక్కుకొని కంప్రెసరునకు తిరిగి చేరక, కొంతకాలమునకు అది బిగుసుకొనిపోవుట జరిగినది.

ఆర్-600ఎ విషయమున వేరొక జాగ్రత్త గూడ కలదు. అది మన వంటగ్యాసునకు దగ్గరి బంధువు, మండును. గృహ ఫ్రిజ్జులలో దీని పరిమాణము 150 గ్రాములకు మించరాదని అంతర్జాతీయ ప్రమాణము. సాధారణ ఫ్రిజ్జులలో అంతకంటె చాల తక్కువే యుండును. వాయువు కొలది గనుక కొలతలో కొద్ది గ్రాముల తేడా కూడ ఫలితమును మార్చును; ప్రెషర్ గేజీని చూచి అంచనాగా నింపుట దీనికి చెల్లదు, తూకపు యంత్రము తప్పనిసరి. వాయువు నిండియున్న గొట్టమునకు గ్యాసు మంటతో అతుకు వేయుట ప్రాణాంతకము. ఈ వాయువున్న ఫ్రిజ్జులో వాడు రిలే, థర్మోస్టాటు, తలుపు స్విచ్చి మొదలగునవి నిప్పురవ్వ బయటికి రాని రకముగా నుండవలయును. పాతకాలపు చుట్ట రిలే ఇందలి పిన్నులకు చక్కగా పట్టవచ్చును. పట్టినను దానిని వాడరాదు.

ఫ్రాస్ట్‌ఫ్రీ ఫ్రిజ్జులు

మంచు కట్టని ఫ్రిజ్జులలో మంచు కట్టకపోదు. కనబడని చోట కట్టి, నియమితకాలమున కరగిపోవును. ఫ్రీజరు వెనుక దాగిన కాయిలుపై పేరుకొనిన మంచును కొన్ని గంటల కొకసారి ఒక హీటరు కరిగించును. ఆ వేళను నిర్ణయించునది టైమరు. కాయిలు చాలినంత వేడెక్కగనే హీటరును ఆపునది బైమెటల్ థర్మోస్టాటు. అదియు విఫలమైనచో కరగిపోయి మంటను నివారించునది థర్మల్ ఫ్యూజు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి చెడినను హీటరు పనిచేయదు; మంచు పెరిగి గాలిమార్గము మూసికొనును; ఫ్యాను వీచినను గాలి క్రింది అరలకు చేరదు. ఇంటివారు చెప్పు లక్షణ మొక్కటే: ‘పై ఫ్రీజరులో చలి బాగానే ఉన్నది, క్రింద పాలు విరిగిపోవుచున్నవి.’ ఈ మాట విన్నంతనే అనుభవము గల మెకానిక్కు గ్యాసు సిలిండరును క్రింద పెట్టి ఫ్రీజరు వెనుక పలకను విప్పును. అనుభవము లేనివాడు గ్యాసు నింపును. నింపుటకై ఫ్రిజ్జును ఆపినపుడు మంచు కొంత కరగుటచే ఒకటి రెండు వారములు ఫ్రిజ్జు చల్లగా నడచి, నింపిన గ్యాసే ఫలించినదను భ్రమ కలుగును. తరువాత అదే ఫిర్యాదు తిరిగి వచ్చును. నేటి నమూనాలలో టైమరు స్థానమును ఎలక్ట్రానిక్ పలకయు, బైమెటల్ స్థానమును సెన్సారును ఆక్రమించుచున్నవి. లక్షణము మాత్రము మారలేదు.

మైక్రోవేవ్ ఓవెను

1940లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయమున జాన్ రాండల్, హారీ బూట్ రాడారు కొరకు రూపొందించిన, సూక్ష్మతరంగములను పుట్టించు కుహర మాగ్నెట్రాన్ నుండి నేటి వంటింటి ఓవెను జనించినది. రేథియాన్ సంస్థ యింజనీరు పెర్సీ స్పెన్సర్ 1945లో దానిని ఆహారమును వేడిచేయుటకు వినియోగింపవచ్చునని కనుగొనగా, 1967లో అమానా సంస్థ బల్లమీద ఉంచుకొనదగు పరిమాణమున దానిని గృహములకు అందించినది. గృహ ఓవెన్లు 2450 మెగాహెర్ట్జుల పౌనఃపున్యమున, అనగా సుమారు 12 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యమున పనిచేయును. తలుపు అద్దములోని జాలి రంధ్రములు అంతకంటె ఎంతయో చిన్నవగుటచేత వెలుతురు బయటికి వచ్చును గాని తరంగములు రావు.

ఇందలి ప్రాణప్రదమైన విద్యుత్సరణి చిన్నదే. ట్రాన్స్‌ఫార్మరు 230 వోల్టులను సుమారు 2000 వోల్టులుగా పెంచును. కెపాసిటరును డయోడును కలిసి దానిని ఇంచుమించు రెట్టింపు చేసి మాగ్నెట్రానునకు అందించును. మరియొక చిన్న చుట్ట మాగ్నెట్రాను ఫిలమెంటును మూడు వోల్టుల చిల్లరతో వేడిచేయును. ప్లగ్గు తీసిన తరువాత కూడ ఆ కెపాసిటరు మృత్యుపాశము కాగలదు. అందులో విద్యుత్తును క్రమముగా వదలివేయు నిరోధకము లోపలనే యుండునుగాని, అది తెగిపోయియుండవచ్చును; కావున విద్యుత్తు ప్రవహింపని పిడి గల స్క్రూడ్రైవరుతో దాని కొనలను కలిపి ఖాళీచేయకుండ లోపల చేయి పెట్టరాదు. ఫ్రిజ్జు మరమ్మతు నేర్చినంత మాత్రమున ఓవెను విప్పుట కర్హత కలుగదని నిర్మొహమాటముగా చెప్పవలయును. గృహస్థునకు అసలే తగదు.

‘ప్లేటు తిరుగుచున్నది, దీపము వెలుగుచున్నది, కాని వేడెక్కుట లేదు’ అను ఫిర్యాదుకు మాగ్నెట్రానునే మొదట నిందించుట వాడుక. దానిని మార్చక ముందు డయోడును పరీక్షించుట మేలు. ఈ పరీక్షలో ఒక చిక్కున్నది: ఎక్కువ వోల్టులకై పెక్కు డయోడులను వరుసగా పేర్చి చేసినందున, సాధారణ మల్టీమీటరులోని చిన్న బ్యాటరీ దానిని తెరువలేదు, మంచి డయోడు కూడ రెండు వైపులను తెగినట్లు చూపును. 9 వోల్టుల బ్యాటరీని దానితో వరుసగా కలిపి చూచినపుడు మాత్రమే ఒక వైపు వోల్టేజి కనబడును, రెండవ వైపు కనబడదు. ఈ మెలకువ తెలియని చోట మంచి డయోడు లెన్నియో చెత్తబుట్ట పాలగుచున్నవి. మాగ్నెట్రాను కొనల నడుమ నిరోధము ఒక ఓముకంటె తక్కువగను, కొనకును బాడీకిని నడుమ అనంతముగను ఉండవలయును. కొత్త మాగ్నెట్రానును ఎంచునపుడు శక్తిని వాట్లలో చూచుట చాలదు: బోల్టులు ఏ మూలల నున్నవి, ఫిలమెంటు కనెక్టరు ఏ దిక్కునకు తిరిగియున్నది, శీతలీకరణ రేకులలోనికి గాలి ఏ వైపునుండి పోవును అను మూడును పాతదానికి సరిపోవలయును. దాని మెడ చుట్టు నుండు లోహపు జాలి వలయమును కూడ మరువక తొడుగవలయును. అది లేనిచో తరంగము ఓవెను గదిలోనికి పోక సందున కారి నిప్పురవ్వలను పుట్టించును.

తలుపు గొళ్లెముల వెనుక మూడు చిన్న స్విచ్చులుండును. తలుపు తెరచినంతనే రెండు విద్యుత్తును తెంచును. అవి అతుక్కుపోయి తెంపలేని వేళ, ‘మానిటర్’ అను మూడవది ప్రవాహమును షార్టు చేసి ఫ్యూజును కాల్చును. తలుపు తీయగనే ఫ్యూజు పోవుచున్నదన్నచో లోపము ఫ్యూజులో లేదు, అతుక్కుపోయిన స్విచ్చిలో ఉన్నది. ఫ్యూజు బదులు రాగితీగ చుట్టినవాడు ఆ యింటివారికి మహాపకారము చేసినవాడగును. నొక్కినపుడు కలియు స్విచ్చియు, నొక్కినపుడు విడిపోవు స్విచ్చియు రూపమున, రంగున, కొలతయందు ఒకటిగనే యుండి, పక్కన ముద్రించిన అక్షరములచే మాత్రమే వేరగును. మానిటరు స్థానమున తప్పు స్విచ్చిని పెట్టినచో, తలుపు మూసిన వేళనే షార్టు కలుగును. లేదా ఏ రక్షణయు లేకయే ఓవెను నడచును. తలుపు వంగినపుడు గాని, కీలు వదులైనపుడు గాని, అద్దము పగిలినపుడు గాని ఓవెనును వాడరాదు: 5 సెంటీమీటర్ల దూరమున చదరపు సెంటీమీటరునకు 5 మిల్లీవాట్లకు మించి తరంగములు వెలువడరాదని ప్రమాణములు విధించుచున్నవి, దానిని కొలుచుటకు తగిన మీటరు కావలయును, చేయి పెట్టి చూచుట పరీక్ష కాదు.

గోడనుంచి తరంగములు వచ్చు ద్వారమునకు కప్పిన గోధుమవన్నె రేకు అభ్రకము. ఆహారపు చిందు దానిపై పడి కాలి నల్లబడినపుడు చిటపటమని మెరుపులు పుట్టి, వినియోగదారు ఓవెను పేలిపోవునని భయపడుట కద్దు. వెలలో ఇది అతి స్వల్పమైన భాగము. పలకగా కొని పాతదానిని ఆనవాలుగా పెట్టి కత్తెరతో కోసికొనవచ్చును. గూడూరు ప్రాంతపు గనులవలన తెలుగువారికి చిరపరిచితమైన ఖనిజమునకు ఇది నవీనోపయోగము. ప్లేటును త్రిప్పు మోటారు విషయమున మరల రూపసామ్యము మోసము చేయును: 21 వోల్టులదియు, 30 వోల్టులదియు, 220 నుండి 240 వోల్టులదియు ఒకే డబ్బాలో ఒకే ఇరుసుతో వచ్చును, 21 వోల్టులదాని స్థానమున 220 వోల్టులది వేసినచో అది కదలదు, తారుమారైనచో కాలిపోవును.

అమెరికానుండి తిరిగి వచ్చువారు వెంట తెచ్చు ఓవెన్ల సంగతి వేరు. అవి 120 వోల్టులకు, 60 హెర్ట్జులకు ఉద్దేశింపబడినవి. వోల్టేజిని తగ్గించు ట్రాన్స్‌ఫార్మరు పెట్టినను 50 హెర్ట్జులను అది మార్చలేదు. లోపలి ట్రాన్స్‌ఫార్మరు అతిగా వేడెక్కును, కరెంటు పౌనఃపున్యముననుసరించి నడచు గడియారము గంటకు పది నిమిషములు వెనుకబడును. అట్టి ఓవెనుకు ఇచ్చటి భాగములు అమర్చబూనుటకంటె అమ్మివేయుట మేలు.

లభ్యత, నిబంధనలు

ఎలక్ట్రానిక్ భాగములకు హైదరాబాదులో కోఠీ గుజరాతీ గల్లీ పేరుమోసినది. ఇట్టి విపణులలోని కౌంటరు సంభాషణ ఒక తీరున సాగును. మెకానిక్కు కాలిన రిలేను బల్లమీద పెట్టి, “అన్నా, ఇదే నంబరుది ఉందా?” అని అడుగును. దుకాణదారు దానిని తిరగవేసి చూచి, “నంబరు లేదు గానీ ఇది వేసుకో భాయ్, నడుస్తది,” అనును. నడచును గూడ, చాల సందర్భములలో. ఓ.ఎల్.పి. విషయమున మాత్రము ఆ మాట నమ్మరాదు: కంప్రెసరు శక్తికి మించినది పెట్టినచో, రక్షింపవలసిన వేళ అది ట్రిప్పు కాదు. పెట్టెమీద ‘ఒరిజినల్’ అని ముద్రించుట చవుకైన పని. నమ్మదగినది పెట్టె కాదు, భాగముమీద ముద్రించిన సంఖ్యయు, ఫ్రిజ్జు లోపలి గోడకో ఓవెను వెనుకకో అతికించిన పట్టిక మీది నమూనా సంఖ్యయును. భాగము కొనుటకు పోవువారు ఈ రెండింటి ఫోటో తీసికొనిపోయినచో పని సగము తేలికపడును.

కంపెనీలు కొత్త నమూనాలను త్వరితముగా వెలువరించుచు పాతవానికి భాగములు తయారుచేయుట మానివేయుటవలన, బాగుచేయదగిన యంత్రము కూడ తుక్కునకు పోవుచున్నది. దీని నరికట్టుటకు ఐరోపా సమాఖ్య 2019లో చేసి 2021 మార్చి 1 నుండి అమలుపరచిన నియమావళి ప్రకారము, ఫ్రిజ్జు నమూనా ఆఖరు యూనిటు మార్కెట్టున విడుదలైన తరువాత థర్మోస్టాట్లు, సెన్సార్లు, ఎలక్ట్రానిక్ పలకలు, దీపములు కనీసము 7 సంవత్సరములు మరమ్మతుదారులకు లభింపవలయును. తలుపు పిడులు, కీళ్లు, అరలు, బుట్టలు అదే కాలము సామాన్యులకును దొరకవలయును. గ్యాస్కెట్లకు మాత్రము ఆ గడువు 10 సంవత్సరములు. తొలుత అరిగిపోవునది ఏదో ఆ నియమావళి వ్రాసినవారు ఎరుగుదురు. భాగమును ఆర్డరు చేసిన 15 పనిదినములలో అందజేయవలెననునది మరియొక విధి. ఆ నియమావళి శీతలయంత్రములకు పరిమితము. మైక్రోవేవ్ ఓవెన్లు దానిలోనికి రావు. భారత ప్రభుత్వ వినియోగదారుల వ్యవహారముల శాఖ 2022లో మరమ్మతు హక్కుపై ఒక సంఘమును నియమించి, అదే సంవత్సరము డిసెంబరు 24న ఒక పోర్టలును ప్రారంభించినది. తయారీదారులు తమ భాగముల వివరములను, మరమ్మతు కేంద్రముల చిరునామాలను, వారంటీ నిబంధనలను అందు ప్రకటించుటకు ఏర్పాటు జరిగినది.